సంచి మోసిన కాళ్ళు, సంతకం పెట్టిన చేతులు
వలస తపాలాలో కులం, కొలువు, ఖర్చు

మన దేశపు తపాలా చరిత్ర రాసినవాళ్ళు చాలామంది అర్ధణా స్టాంపు దగ్గరికి రాగానే మురిసిపోతారు. 1854 అక్టోబరు 1 నుంచి పావు తులం ఉత్తరం దేశంలో ఏ మూలకైనా అర్ధణాకే చేరింది. అంతకుముందు కలకత్తా నుంచి బొంబాయికి తులం ఉత్తరం పంపాలంటే రూపాయి, ఆగ్రాకి పన్నెండణాలు అయ్యేది. రైలు, తంతి, తపాలా మూడూ కలిసి దేశాన్ని ఒక్కటి చేశాయనీ, జమీందారూ జీతగాడూ ఒకే ధర చెల్లించే ఏర్పాటు తపాలాతోనే వచ్చిందనీ పాఠ్యపుస్తకాలు చెప్తాయి.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే దళిత చరిత్ర వైపు నుంచి చూసేవాళ్ళు ఇంకో ప్రశ్న అడగాలి. అర్ధణాకి ఉత్తరం ఎట్లా గిట్టుబాటయింది? ఆ చౌక ఎవరి ఒంటిమీద నుంచి వచ్చింది? సంచి మోసింది ఎవరు, సంతకం పెట్టి జీతం, పింఛను పుచ్చుకున్నది ఎవరు? తపాలా కొలువులను, శిక్షణను, ఆదాయ వ్యయాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటగా కనబడుతుంది. వలస ప్రభుత్వం కులాన్ని తపాలాలోకి కొత్తగా తేలేదు. ఊళ్ళో అప్పటికే ఉన్న కులపు మెట్లను తీసుకుని వాటిమీద తన జమాఖర్చు నిలబెట్టుకుంది. అట్లా మిగిలిన డబ్బునే మనకు పొదుపు అని చెప్పారు.

కాళ్ళ మీద నడిచిన శాఖ

కంపెనీ తపాలాను జనానికి తెరిచింది 1774లో, వారన్ హేస్టింగ్స్ కాలంలో. మద్రాసులో జనరల్ పోస్టాఫీసు 1786లో మొదలయింది. అక్కడి నుంచి మూడు దారులు వేశారు: ఉత్తరాన గంజాం దాకా, దక్షిణాన అంజెంగో దాకా, పడమర వేలూరు దాకా. ఉత్తరపు దారి అంటే మన కోస్తా జిల్లాల పొడుగునా పోయే దారి. ఉత్తర హిందుస్థానంలో డాక్ అన్నదాన్ని దక్షిణాదిలో ఇంగ్లీషువాళ్ళు కూడా తపాలా అనే అన్నారు. మాట మనది, దారి మనది, నడిచిన కాళ్ళూ మనవే.

ఆ రోజుల్లో పోస్టుమాస్టర్లు ఉత్తరాలే కాదు, మనుషులను కూడా పంపేవాళ్ళు. పల్లకీ డాక్ అంటే ముందుగా డబ్బు కడితే దారి పొడుగునా మజిలీ మజిలీకి బోయీలను సిద్ధంగా ఉంచడం. దొర పల్లకీలో పడుకుని నిద్రపోయేవాడు, బోయీలు రాత్రంతా నడిచేవాళ్ళు. మోయడమనే పని ఉత్తరానికైనా దొరకైనా ఒకే రకం మనుషుల మీద పడింది.

1837 చట్టంతో ఉత్తరాలు మోసే హక్కు ఒక్క ప్రభుత్వానిదే అయింది. వర్తకులు సొంతంగా నడుపుకునే డాక్‌లకు చట్టం ఒప్పుకోలేదు. 1850లో ముగ్గురు సభ్యుల కమిషన్ వేశారు. వాళ్ళు 1851లో నివేదిక ఇచ్చారు, దాని మీద 1854 చట్టం వచ్చింది. ఈ కమిషన్ పట్టుకున్న వాదం ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ 1837లో రోలాండ్ హిల్, ఉత్తరానికి అసలు ఖర్చు దాన్ని మోయడంలో లేదని లెక్క కట్టి చూపించాడు. దూరం ఎంతయినా ఒక్కొక్క ఉత్తరం మీద పడే మోత ఖర్చు నామమాత్రమే అన్నాడు. అందుకని దూరంతో పని లేకుండా ఒకే ధర పెట్టొచ్చన్నాడు. 1840లో అక్కడ పెన్నీ తపాలా వచ్చింది.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఇంగ్లండులో ఉత్తరాన్ని మోసింది గుర్రపు బండి, ఆ తర్వాత రైలు. మన దగ్గర 1854 అక్టోబరు నాటికి రైలు ఎక్కడుంది? బొంబాయి నుంచి ఠాణా వైపు 1853లో మొదలయింది. కలకత్తా దగ్గర హౌరా నుంచి హుగ్లీకి 1854 ఆగస్టులో. మద్రాసు రాజధానిలో మొదటి రైలు 1856 దాకా లేనే లేదు. అంటే అర్ధణా తపాలా మొదలయిన రోజున దక్షిణాదిలో మోసే యంత్రం మనిషి కాలు. గుర్రపు టపాలు కొన్ని పెద్ద రోడ్ల మీదనే ఉండేవి. మిగతాదంతా కాలినడకే. ఇంగ్లండులో మోత ఖర్చు తగ్గడానికి కారణం గుర్రమూ ఆవిరీ. ఇక్కడ తగ్గడానికి కారణం మోసేవాడి కూలి. హిల్ చెప్పిన సూత్రం ఇండియాలో పారింది అంటే, ఆ సూత్రం కింద ఒక హర్కారా పరుగెత్తుతున్నాడన్నమాట.

మూడు మెట్ల కొలువు

తపాలా సిబ్బందిని మూడు మెట్లుగా చూడొచ్చు.

అడుగు మెట్టు హర్కారాలది. తోలు సంచి, భుజాన కర్ర, కర్రకు ఈటె మొన, గజ్జెలు. అడవి దారిలో గజ్జెల చప్పుడుకి మెకాలు తప్పుకోవాలి, ఊరి దారిలో జనం తప్పుకోవాలి. కొన్ని మైళ్ళు పరుగెత్తి తర్వాతి మనిషికి సంచి అందించాలి. వాన, వరద, పులి, దొంగ, ఏది వచ్చినా సంచి ఆగకూడదు. ఈ కొలువుకి చదువు అక్కర్లేదు, శిక్షణ లేదు. శిక్షణంతా పుట్టుకలోనే అయిపోయిందని శాఖ అనుకున్నది.

ఈ మాట ఊరికే అనడం లేదు. శాఖ డైరెక్టర్ జనరల్‌గా చేసిన జెఫ్రీ క్లార్క్ 1921లో తపాలా మీద ఒక పుస్తకం వేశాడు. అందులో హర్కారాలు ఎక్కువమంది నాగరికత తక్కువైన జాతుల నుంచి వస్తారని రాశాడు. క్రూరమృగానికి భయపడరు గానీ చెట్టు మీద దయ్యానికి భయపడి మైళ్ళు చుట్టు తిరిగి పోతారన్నాడు. సంచిని ఒక దేవతలాగా చూసుకుంటారనీ, వాళ్ళలో మోసం దాదాపు లేనే లేదనీ మెచ్చుకున్నాడు. మెప్పు సరే. నిజాయితీకి శాఖ జీతం చెల్లించాల్సిన పని లేకుండా పోయింది. అది వాళ్ళ మూఢనమ్మకం కింద జమ అయింది. ఒక గుమాస్తా నిజాయితీగా ఉంటే సద్గుణం, బహుమానం, బిరుదు. హర్కారా నిజాయితీగా ఉంటే జాతి లక్షణం.

ఇది తపాలా కొత్తగా కనిపెట్టిన తెలివి కాదు. మన ఊళ్ళల్లో శిస్తు డబ్బు మూట తాలూకా ఖజానాకి మోసింది ఎవరు? వెట్టివాడు. అంటే మాల, మాదిగ. తాకితే మైలపడే చెయ్యి ఊరి డబ్బంతా మోస్తే మైల లేదు. ఆ చేతిమీద ఊరికి అంత నమ్మకం. అంత నమ్మినవాడిని అరుగు మీద కూర్చోనివ్వలేదు. తపాలా శాఖ ఈ నమ్మకాన్నీ ఈ దూరాన్నీ రెంటినీ వారసత్వంగా తీసుకుంది.

నడిమి మెట్టు పోస్టుమాన్‌ది. ఉత్తరం మీద అడ్రసు చదవాలి, మనియార్డరు డబ్బు లెక్కపెట్టి ఇవ్వాలి, రిజిస్టరులో సంతకం తీసుకోవాలి. దీనికి అక్షరాలు కావాలి, జామీను కావాలి. జామీను అంటే డబ్బు కట్టడమో, ఆస్తిపరుడి పూచీకత్తు తేవడమో. అక్షరం ఉన్న దళితుడు ఎక్కడైనా ఒకడు దొరికినా, అతనికి పూచీ నిలబడే ఆస్తిపరుడు ఊళ్ళో ఎవడుంటాడు?

పై మెట్టు గుమాస్తాలు, సార్టర్లు, పోస్టుమాస్టర్లు, వాళ్ళపైన ఇన్‌స్పెక్టర్లు, సూపరింటెండెంట్లు. మరీ పైన తెల్లవాళ్ళు. ఇంగ్లీషు, ఒకటి రెండు దేశభాషలు, చక్కని దస్తూరీ కావాలి. రైళ్ళలో తపాలా విడదీసే సార్టర్లకైతే ఏ ఊరు ఏ లైను మీద ఉందో నోటికి రావాలి. దానికి పరీక్ష ఉండేది. మద్రాసు రాజధానిలో ఒకే సంచిలో ఇంగ్లీషు, తమిళం, తెలుగు, కన్నడం అడ్రసులు వచ్చేవి గనుక నాలుగు లిపులు తెలిసినవాడికి గిరాకీ.

శిక్షణ అంటే ఎట్లా జరిగేది? ఆనాటి సర్కారు కచేరీల్లో ఉమ్మేదువారీ అని ఒక పద్ధతి. కొలువు ఖాళీ అయ్యేదాకా జీతం లేకుండా కచేరీలో కూర్చుని పని నేర్చుకోవడం. మేనమామో పెదనాన్నో అప్పటికే గుమాస్తాగా ఉంటే పిల్లవాణ్ణి వెంట తెచ్చుకుని పక్కన కూర్చోపెట్టుకునేవాడు. నెలల తరబడి జీతం లేకుండా కూర్చోగలిగింది ఎవరు? ఇంట్లో పొలమో, ఈనామో, ఇంకొకరి జీతమో ఉన్నవాళ్ళు. రోజు కూలి మీద బతికేవాడి కొడుకు ఆ బల్ల దగ్గరికే రాలేడు. వచ్చినా కూర్చోనివ్వరు. పోటీ అనే మాట పుట్టకముందే పోటీ అయిపోయింది.

ఈ మెట్టు మీద ఎవరెవరు కనబడతారో చూడండి. నీలిమందు దొరల దౌర్జన్యం మీద 'నీల్‌దర్పణ్' నాటకం రాసిన దీనబంధు మిత్ర 1855లో పాట్నాలో పోస్టుమాస్టరుగా చేరి పెద్ద ఉద్యోగాలు చేశాడు. ఆయన కాయస్థుడు. పోస్టుమాస్టర్ జనరల్ అయిన మొదటి భారతీయుడు, 1881లో వాయవ్య రాష్ట్రాలలో, రాయ్ సాలిగ్రామ్. ఆయనా కాయస్థుడే. ఆ వ్యక్తుల శక్తిని తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. తరతరాలుగా కలం పట్టిన కులాలకు తపాలా బల్ల సొంత ఇల్లులాగా ఉండిందన్నదే ఇక్కడ సంగతి. రవీంద్రనాథ్ టాగోర్ 1891లో రాసిన 'పోస్టుమాస్టర్' కథలో కూడా బల్ల దగ్గర కూర్చున్నది కలకత్తా బాబే.

చదువు తలుపు ఎప్పుడు తెరిచారు?

కొలువుకి చదువు కావాలన్నారు. మంచిది. మరి చదువు ఎవరికి ఇచ్చారు? 1854లో అర్ధణా తపాలా వచ్చిన ఏడాదే ఉడ్ విద్యాపత్రం వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండా, 1856 జూన్‌లో, ధార్వాడలో ఒక మహర్ కుర్రాడు ప్రభుత్వ బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. బొంబాయి ప్రభుత్వం కాదంది. ఒక్కడి కోసం మిగతా పిల్లలంతా బడి మానేస్తారన్నది వాళ్ళ వాదం. మద్రాసులో పంచములకు ప్రత్యేకంగా బడుల ఉత్తర్వు వచ్చింది 1893లో. అంటే తపాలా విస్తరణ మొదలయి నలభై ఏళ్ళు కావస్తుండగా. ఈ నలభై ఏళ్ళలో గుమాస్తాలు నిండారు, వాళ్ళ కొడుకులు నిండారు. ఆ తర్వాత మన పిల్లలు పలక పట్టుకుని వస్తే ఖాళీలు లేవన్నారు, అర్హులు లేరన్నారు.

బడే పోస్టాఫీసు, పోస్టాఫీసే బడి

పల్లెలకు తపాలా ఎట్లా వెళ్ళిందన్నది ఇంకా ముఖ్యం. ప్రతి ఊళ్ళో జీతగాడైన పోస్టుమాస్టర్ని పెడితే శాఖకు గిట్టదు. అందుకని 1854 నుంచే ఒక ఉపాయం పట్టారు. ఊళ్ళో అప్పటికే వేరే బతుకుదెరువు ఉన్న మనిషిని చూసి, చిన్న భత్యం ఇచ్చి, అతని సొంత చోటునే పోస్టాఫీసుగా వాడుకోవడం. ఎక్కువగా బడిపంతులు. లేకుంటే కొట్టు షావుకారు, స్టేషన్ మాస్టరు, భూస్వామి. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ అనే పేరుతో ఈ ఏర్పాటు స్థిరపడింది. శాఖకు ఇంటి అద్దె లేదు, నిండు జీతం లేదు, పింఛను లేదు. లెక్కల్లో గొప్ప పొదుపు.

దీని అర్థం ఏమిటి? బ్రాంచి పోస్టాఫీసు అంటే బడి గానీ, కోమటి కొట్టు గానీ, కరణం అరుగు గానీ. ఇవన్నీ ఊళ్ళో ఉంటాయి, వాడలో ఉండవు. 1919 మార్చిలో మద్రాసు ప్రభుత్వం ఒక ఉత్తర్వులో లెక్క చూపించింది. రాజధానిలో ప్రజా యాజమాన్యం కింద ఉన్న 8,157 బడుల్లో పంచమ పిల్లలను చేర్చుకున్నవి 609. బడులు అగ్రహారాల్లో, గుళ్ళల్లో, చావిళ్ళల్లో నడుస్తున్నాయి గనుక పంచములు అడుగు పెట్టలేకపోతున్నారని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఇప్పుడు రెండూ కలిపి చూడండి. పోస్టాఫీసు బడిలో ఉంది. బడి గడప మనకు మూసి ఉంది. అట్లాంటప్పుడు స్టాంపు అర్ధణా అయితే ఏమిటి, రూపాయి అయితే ఏమిటి? ధర అందరికీ ఒకటే అయింది. గడప మాత్రం ఒకటి కాలేదు.

ఇదే కారణంగా దళిత ప్రతినిధులు చట్టసభల్లోకి వెళ్ళాక మొట్టమొదట అడిగినవాటిల్లో సర్కారు కచేరీల ప్రవేశం ఒకటి. బొంబాయి శాసనమండలిలో 1923లో బోలే తీర్మానం బావులు, సత్రాలతో పాటు బడులు, కోర్టులు, ఆఫీసులు కూడా అంటరానివాళ్ళకు తెరవాలంది. మద్రాసు మండలిలో 1924లో ఆది ద్రావిడ సభ్యులు పట్టుబట్టి నెగ్గించుకున్న తీర్మానం రోడ్లు, బావులు, చెరువులతో పాటు ప్రభుత్వ కార్యాలయాల ఆవరణలను కూడా చేర్చింది. అర్ధణా సమానత్వం వచ్చిన డెబ్భై ఏళ్ళకు ఆఫీసు ఆవరణలోకి నడిచే హక్కు కోసం తీర్మానం చేయాల్సి వచ్చిందంటే, మధ్యలో ఆ డెబ్భై ఏళ్ళూ ఏం జరిగినట్టు?

డబ్బు ఎటు నుంచి ఎటు నడిచింది

తపాలా ఆదాయ వ్యయాల్లో కనబడే ఖాతా ఒకటి, కనబడని ఖాతా ఒకటి.

బంగాళంలో 1817 రెగ్యులేషన్ ప్రకారం పోలీసు ఠాణాల మధ్య ఉత్తరాలు చేరవేసే బాధ్యత జమీందార్లది. వాళ్ళ పైకులు మోసేవాళ్ళు. తర్వాత దాన్ని సెస్సుగా మార్చి వసూలు చేశారు. ఆ సెస్సుతో నడిచింది జిల్లా డాక్. పట్నాల మధ్య లాభం వచ్చే లైన్లు సర్కారు తపాలావి, పల్లెలకు పోయే దండగ లైన్లు సెస్సు మీద. జమీందారు మీద పడిన సెస్సు రైతు మీదికి, రైతు కింది కూలీ మీదికి జారుతుందని వేరే చెప్పనక్కర్లేదు. తమ పేరు మీద జన్మలో ఒక ఉత్తరం రానివాళ్ళు కూడా తపాలా ఖర్చులో పాలు పంచుకున్నారు. 1906లోగానీ ఈ సెస్సు పోలేదు.

నిజాం రాజ్యంలోనూ, మరాఠా దేశంలోనూ కనబడని ఖాతా ఇంకా పెద్దది. నిజాం ప్రభుత్వానికి సొంత తపాలా ఉండేది. 1869 నుంచి సొంత స్టాంపులు వేసింది. 1950లో భారత తపాలాలో కలిసింది. కానీ తెలంగాణ పల్లెల్లో పటేలు, పట్వారీల కాగితాలు ఠాణాకీ తాలూకా కచేరీకీ మోసింది ఏ స్టాంపూ లేని వెట్టి. మాల మాదిగ ఇళ్ళ నుంచి వంతులవారీగా మనిషిని పంపాలి. కూలి లేదు, పొద్దు మాపు లేదు. మరాఠా దేశంలో మహర్ వతన్ కింద ఊరి ఉత్తరాలు, చావు కబుర్లు మోయడం మహర్ల విధి. అంబేద్కర్ 1928లో బొంబాయి మండలిలో వతన్ చట్టానికి సవరణ బిల్లు పెట్టింది ఈ చాకిరీని తెంచడానికే. సర్కారుకి రెండు తపాలాలు ఉన్నాయన్నమాట. ఒకటి స్టాంపు తపాలా, దానికి లెక్కలున్నాయి. రెండోది వెట్టి తపాలా, దానికి లెక్క లేదు.

1877 తర్వాత తపాలా మీద కొత్త పనులు వచ్చి పడ్డాయి. 1877లో వీపీ, 1879లో పావలణా కార్డు, 1880లో ఖజానాల నుంచి మనియార్డర్లు, 1882లో సేవింగ్సు బ్యాంకు. బ్యాంకు సొమ్ము సర్కారుకి చేతిలో ఉన్న అప్పు. మనియార్డరు కమిషను శాఖకు ఆదాయం. ఈ మనియార్డర్లు ఎవరివి? మన వాళ్ళవి కూడా. కోస్తా జిల్లాల నుంచి రంగానికి, అంటే బర్మాకి, మేస్త్రీల వెంట పోయిన కూలీలలో దళితులు ఎందరో. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. రంగూను రేవులో మోసిన కూలి, ధాన్యం మిల్లులో ఊడ్చిన కూలి మనియార్డరయి గోదావరి, విశాఖ, గంజాం జిల్లాలకు వచ్చింది.

డబ్బు ఊళ్ళోకి వచ్చాక ఏమయింది? అక్షరం రాని మనిషికి మనియార్డరు ఇవ్వాలంటే వేలిముద్ర చాలదు. అక్షరం తెలిసిన పెద్దమనిషి సాక్షి సంతకం చేయాలని నిబంధన. ఆ సాక్షి ఎవరు? కరణమో, షావుకారో, పంతులో. అంటే వాడలో ఎవరికి ఎంత డబ్బు వచ్చిందో ముందుగా తెలిసేది అప్పిచ్చినవాడికి. మోసం జరగకుండా పెట్టిన కట్టుబాటే వడ్డీ వసూలుకి దారి చూపే వీలు ఇచ్చింది. నిబంధనలో కులం పేరు ఎక్కడా లేదు. అయినా అది ఊరి కులపు మెట్ల గుండానే నడవాలి.

మొదటి యుద్ధం తర్వాత జీతాలు, ధరలు పెరిగి సర్కారు ఖజానా లోటులో పడింది. 1922 బడ్జెట్లో కార్డు పావలణా నుంచి అర్ధణాకీ, ఉత్తరం అర్ధణా నుంచి అణాకీ ఎక్కాయి. 1931లో కార్డు ముప్పావలణా, ఉత్తరం అణా పావు. దొరల పేచీలు, సైన్యాల ఖర్చు, పై ఉద్యోగుల పెద్ద జీతాలు అట్లాగే ఉండగా భారం పడ్డది కార్డు ముక్క మీద. అప్పటికి కార్డు రాసుకునే స్థితికి అప్పుడప్పుడే చేరుతున్న బీదజనం మీద.

చట్టంలో గీత

1898 పోస్టాఫీసు చట్టంలో సిబ్బంది నేరాలకు ప్రత్యేకమైన సెక్షన్లున్నాయి. వాటిని మన విద్యార్థులు ఒకసారి శ్రద్ధగా చదవాలి. 49వ సెక్షను తపాలా సంచులు మోసేవాళ్ళు, ఉత్తరాలు పంచేవాళ్ళ కోసం. తాగి ఉన్నా, అజాగ్రత్త చేసినా, దారిలో తచ్చాడినా జుల్మానా. 50వ సెక్షను ఇంకా ఘోరం. సంచి మోసేవాడు, ఉత్తరం పంచేవాడు అనుమతి లేకుండా, నెల ముందు నోటీసు ఇవ్వకుండా కొలువు మానేస్తే నెల జైలు, లేదా జుల్మానా, లేదా రెండూ.

కొలువు మానేయడం నేరమా? బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా పని వదిలేసి పోతే కొలువు పోతుంది, అంతే. ఈ సెక్షను అతని గురించి కాదు. కాళ్ళతో పనిచేసేవాడు మానేస్తేనే జైలు. పని చేయననే హక్కు లేని మనిషిని మన భాషలో ఏమంటారు? వెట్టివాడంటారు. జీతమిచ్చే వెట్టి అన్నమాట. కూలీల్ని కాంట్రాక్టు పేరుతో కట్టేసిన 1859 చట్టాన్ని 1925లో రద్దు చేశారు. కానీ ఈ తపాలా చట్టం స్వాతంత్ర్యం తర్వాత కూడా పుస్తకాల్లో మిగిలింది. 2023లో కొత్త పోస్టాఫీసు చట్టం చేసి, 2024 జూన్‌లో అమల్లోకి తెచ్చేదాకా పాతది అట్లాగే ఉండిపోయింది.

అయినా ఉత్తరం మనకూ ఆయుధమే

ఇంతా చెప్పి తపాలా దళితులకు ఏమీ ఇవ్వలేదనడం అబద్ధం. మన ఉద్యమం ఉత్తరం మీద కూడా నడిచింది. రెట్టమలై శ్రీనివాసన్ 1893లో మద్రాసులో 'పరైయన్' పత్రిక పెట్టాడు. అయోతీదాసు 1907లో 'ఒరు పైసా తమిళన్' మొదలుపెట్టాడు. కోలారు బంగారు గనుల్లో, రంగూన్‌లో, దక్షిణాఫ్రికాలో దానికి పాఠకులుండేవాళ్ళు. అంబేద్కర్ 'మూక్‌నాయక్' 1920లో, 'బహిష్కృత భారత్' 1927లో వచ్చాయి. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1931లో 'భాగ్యనగర్' నడిపాడు. కొట్లో అమ్మడానికి అగ్రకుల షావుకారు ఒప్పుకోని పత్రిక కూడా తపాలా సంచిలో పోగలదు. రౌండ్ టేబుల్ సమావేశంలో అంటరానివాళ్ళకు ప్రతినిధి ఎవరన్న తగువు వచ్చినప్పుడు, అంబేద్కరే మా నాయకుడని దేశం నలుమూలల నుంచి తంతులు వెళ్ళాయి.

అయితే ఉత్తరం చేరినంత మాత్రాన మనిషి చేరడు. అంబేద్కర్ తన చిన్ననాటి సంగతి రాసుకున్నాడు. 1901లో తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలు వస్తున్నామని ముందే ఉత్తరం రాశారు. ఉత్తరం చేరింది. తీసుకున్న నౌకరు దాన్ని తండ్రికి ఇవ్వడం మరిచిపోయాడు. మసూరు స్టేషన్లో దిగిన పిల్లల కోసం ఎవరూ రాలేదు. మహర్ పిల్లలని తెలిశాక బండివాళ్ళు ఎక్కించుకోలేదు. ఆఖరికి రెట్టింపు కిరాయి తీసుకుని, పిల్లలే బండి తోలుకునేట్టు ఒప్పందం చేసుకుని ఒకడు వచ్చాడు. తపాలా, రైలు రెండూ తమ పని తాము చేశాయి. స్టేషను దాటాక మొదలయింది కులం.

గణాంకాల్లోకి ఎప్పుడు వచ్చాం?

1934 జులైలో భారత ప్రభుత్వం కేంద్ర కొలువుల్లో ముస్లింలకు నూటికి 25, మిగతా మైనారిటీలకు ఎనిమిదిన్నొక మూడోవంతు కేటాయించింది. అణగారిన వర్గాల దగ్గరికి వచ్చేసరికి, చదివినవాళ్ళు చాలినంతమంది లేరు గనుక శాతం పెట్టడం వల్ల లాభం లేదన్నది. బడి తలుపు మూసిన ప్రభుత్వమే చదువు లేదని కొలువు తలుపు మూసింది. 1943 ఆగస్టులో, అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడుగా ఉన్నప్పుడు, షెడ్యూల్డు కులాలకు ఎనిమిదిన్నొక మూడోవంతు రిజర్వేషను వచ్చింది. 1946లో అది పన్నెండున్నర అయింది. తపాలా బల్ల మీదికి మనవాళ్ళు చెప్పుకోదగినట్టు రావడానికి దారి అక్కడ మొదలయింది.

అదే 1946 జులై 11న పోస్టుమెన్లూ కింది తరగతి ఉద్యోగులూ దేశవ్యాప్తంగా సమ్మె కట్టారు. వాళ్ళ సంఘం పేరే పోస్టుమెన్, లోయర్ గ్రేడ్ స్టాఫ్ యూనియన్. గుమాస్తాల సంఘం వేరు, వీళ్ళ సంఘం వేరు. పెట్టుబడికీ శ్రమకూ మధ్య గీతను కార్మికోద్యమ చరిత్రకారులు గుర్తించారు. శ్రమలోనే మోసే శ్రమకీ రాసే శ్రమకీ మధ్య ఉన్న గీతకు పేరు పెట్టడం మాత్రం మరిచిపోయారు. ఆ గీత పేరు కులం.

ఇవాళ మిగిలింది

స్వాతంత్ర్యం నాటికి దేశంలో 23,344 పోస్టాఫీసులుండేవి, అందులో 19,184 పల్లెల్లోవి. ఇప్పుడు లక్షా అరవై వేలు దాటాయి. పల్లెల్లో ఎక్కువ భాగం నడిచేది 1854 నాటి ఆ ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ పద్ధతి మీదనే. 1977లో సుప్రీంకోర్టు వాళ్ళది సివిల్ పోస్టేనని తీర్పు చెప్పింది. తర్వాత వాళ్ళ పేరు గ్రామీణ డాక్ సేవకులని మారింది. పేరు మారినా, యూనియన్ సివిల్ సర్వీసుకి వెలుపలివాళ్ళేనని నిబంధనల్లో రాసిపెట్టారు. బ్రాంచి పోస్టుమాస్టరుకి వేరే బతుకుదెరువు ఉండాలి, పోస్టాఫీసుకి చోటు తనే చూపించాలి అన్న షరతులు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ షరతుల వయసు గుర్తుపెట్టుకోండి. పదో తరగతి మార్కుల మీద ఎంపికయిన దళిత అమ్మాయి ఊరి నడిబొడ్డున గది అద్దెకి ఎక్కడ తెస్తుంది? వాడలో పెడితే మేము రామంటారు ఊరివాళ్ళు. ఊళ్ళో పెడతానంటే అద్దెకివ్వరు. వలస సర్కారు పొదుపు కోసం వేసిన షరతు నూట డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా కులానికి కాపలా కాస్తున్నది. కాబట్టి ప్రతి బ్రాంచి ఆఫీసుకీ శాఖే చోటు ఇవ్వాలని అడగడం జీతాల బేరం మాత్రమే కాదు. అది గడప కోసం జరిగే పోరాటంలో భాగం.

పరిశోధక విద్యార్థులకు ఒక మాట. తపాలా రికార్డులు పోస్టాఫీసులు ఎన్నో, ఉత్తరాలు ఎన్నో, లాభం ఎంతో చెప్తాయి. మీ మీ ఊళ్ళల్లో మొదటి పోస్టాఫీసు ఎవరి ఇంట్లో ఉండేదో అడగండి. స్టాంపు కొనుక్కోవడానికి మనవాళ్ళు ఎక్కడ నిలబడేవాళ్ళో, ఉత్తరం చదివి పెట్టింది ఎవరో, రంగం నుంచి వచ్చిన డబ్బుకి సాక్షి సంతకం ఎవరు పెట్టారో పెద్దవాళ్ళు బతికుండగానే రాసుకోండి. సంచి మోసిన కుటుంబాల పేర్లు సేకరించండి. అర్ధణాకి మిగతా పద్దు అక్కడ దొరుకుతుంది.